తేలిక కారు – కొనుటకు ముందు

ఇంగ్లండులో 1957లో కోలిన్ చాప్‌మన్ రూపొందించిన లోటస్ సెవెన్ కారును విడిభాగములుగా కొని ఇంటివద్ద బిగించుకొనెడివారు. అట్లు చేసిన అచ్చటి కొనుగోలు పన్ను తప్పెడిది. బరువు స్వల్పమగుటచే చిన్న ఇంజనుతోనే వేగముగా పోవును. ప్రమాదమున కాపాడు రేకు కూడ స్వల్పమే.

ఇట్టి పాతకారును మన రోడ్డుపై నడుపగోరు విద్యార్థులకు మేము చెప్పునది: అందమునకు ముందు కాగితము చూడుడు. 1988 మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనున, తయారీదారు నిర్దేశమునకు భిన్నమగు మార్పులను నిషేధించినది. ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్.సి. పుస్తకముతో సరిపోవలెను. చట్రమున అతుకులు, తుప్పు గలవేమో మెకానిక్కునకు చూపవలెను. కొన్న 30 దినములలో పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను.

దాచేపల్లి మీదుగా పోవు నార్కట్‌పల్లి–అద్దంకి రహదారిపై, లారీల నడుమ, తేలిక బండికి తప్పు చేయు అవకాశము లేదు. మిరప అమ్మి తండ్రి తెచ్చిన సొమ్ము రిజిస్ట్రేషను లేని బండి పాలు కారాదు.