బండిపాక

ఏలూరులో మా యింటి పెరటివైపున ఒక పెంకుటి పాక ఉన్నది. మా తాతగారి నాటి నుండి దానిని బండిపాక అనే పిలుస్తున్నాము. అందులో నిలిచే ఎడ్లబండి పోయి యాభై ఏండ్లు దాటినది. పేరు మాత్రము పోలేదు. బండి పోయిన తరువాత సైకిళ్లు వచ్చినవి, ఆపైన స్కూటరు వచ్చినది, వాటి వెంట ఇంట్లో చోటు చాలని ప్రతి వస్తువూ వచ్చి చేరినది. మొన్న మాఘమాసములో మా అబ్బాయి కారు కొన్నాడు. దానిని వీధిలో నిలిపితే ఇరుగుపొరుగులకు దారి లేకపోయినది. అప్పుడు గాని ఆ పాక తలుపు బార్లా తెరవవలసిన అవసరము నాకు కలుగలేదు. తెరువబోతే తెరుచుకొననూ లేదు. లోపల ఏదో అడ్డుపడినది.

తాడేపల్లిగూడెము నుండి మా బావగారు సహాయమునకు వచ్చినారు. ఆయన ఉల్లిపాయల వర్తకములో జీవితము గడిపినవారు. నిలవ సరుకు కుళ్లునని అనుభవము మీద ఎరిగినవారు గనుక దేనినైనా నిలవ ఉంచడము ఆయనకు కిట్టదు. "ఏడాదిపాటు చెయ్యి పెట్టని వస్తువు మనది కాదోయ్, పాత ఇనప సామానువాడిది" అని ఆయన సిద్ధాంతము. వర్తకునికి అది చక్కని సిద్ధాంతమే. తెలుగు పంతులుకు మింగుడుపడదు. ఏడాదిపాటు చేయి పెట్టని పుస్తకములు నా బీరువాలోనే సగము ఉన్నవి.

మేము చేసిన మొదటి పని సర్దడము కాదు, ఖాళీ చేయడము. లోపలనే నిలబడి ఈ మూలది ఆ మూలకు మార్చినంతకాలము ఏ గదీ సర్దుకొనదు. తెల్లవారుజామున మొదలుపెట్టి సమస్తమూ పెరటిలో ఎండకు పరచినాము. కాడి ఒకటి, కర్రు లేని నాగలి, మూడు సైకిలు చక్రములు, ఎవరి పెండ్లినాటివో తెలియని రెండు ట్రంకుపెట్టెలు, చిమ్నీలు పగిలిన లాంతర్లు, ఇత్తడి కట్టుగల కుంచము, వెదురు మావులు నాలుగు, దోనె నడిపే గడ.

మా పూర్వులది కొల్లేటి అంచున ఉన్న పల్లె. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లము కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు అందులో చేరి ఉప్పుటేరు దారిని సముద్రమునకు పోవును. ఆ పల్లెలలో తాటిమాను తొలిచిన దోనెయే బండి. మావు అనగా ఏమో నేటి విద్యార్థికి తెలియకపోవచ్చును. అది వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. ముఖము దగ్గర పుల్లలు లోపలివైపునకు వంగి ఉండును. చేప దూరగలదు, వెలికి రాలేదు. మా బండిపాకయు అట్టి మావే యని బావగారు చమత్కరించినారు.

కుంచము దగ్గర చిక్కు వచ్చినది. నాలుగు మానికల కుంచము అది. మెట్రిక్ కొలతలు 1958 నుండి క్రమముగా అమలులోనికి వచ్చినవి. ఆ తరువాత దానికి చట్టము దృష్టిలో పని లేదు. బావగారు దానిని ఇత్తడి కుప్పలో వేయబోగా మా అమ్మ అరుగు మీది నుండియే, "అది గడప దాటకూడదు నాయనా" అన్నది. కళ్లములో ధాన్యము కొలిచేవాడు మొదటి కుంచమును 'ఒకటి' అనడు, 'లాభము' అని, ఆపైన 'రెండు' అనును. లాభము అని పలికిన నోటితో దానిని తూకమునకు ఎట్లు వేయుదురు? బావగారు మారు పలుకక దానిని ఇంట్లో పెట్టి వచ్చినారు.

ట్రంకుపెట్టెలు మాత్రము నేనే తెరచినాను. వాటిని వేరొకరి చేతికి ఇవ్వకపోవడమునకు కారణమున్నది. మా నాన్నగారు పోయిన మరుసటి యేడు, 1999లో, ఇదే పాకలో ఇట్టి పెట్టె ఒకటి ఉండెడిది. అందులో ఆయన లెక్కల పుస్తకములు, రసీదు ముక్కలు, కవులు చీటీలు. చెదలు పట్టునను భయము ఒకటి, చదివే తీరిక లేకపోవడము ఒకటి. కాగితముల వానిని పిలిచి కిలోల లెక్కన తూచి ఇచ్చినాను. వచ్చిన డబ్బుతో ఏమి కొన్నానో కూడ గుర్తులేదు.

ఆ యేడే కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించినారు; 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టినది. సరస్సు బ్రతుకుటకు అది కావలసిన పనియే. కాని ఏది సర్కారు భూమి, ఏది జిరాయితీ అన్న వాదము ఇంటింటా లేచినది. ఆ రోజులలో మా పల్లె నుండి ఒక పెద్దాయన వచ్చి పాక ముందు నిలబడి, "బాబుగారూ, మా నాయన పెదబాబుగారి దగ్గర అర ఎకరం కొన్నాడు. ఆ లెక్కల పుస్తకం ఒక్కసారి చూపించండి" అన్నాడు. అమ్మివేసినానని చెప్పినాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. కాసిని మంచినీళ్లు త్రాగి వెళ్లినాడు. ఆ పుస్తకము ఉన్నంత మాత్రమున ఆ పొలము నిలిచెడిదని నేను చెప్పలేను. అయినను ఆయన త్రాగి దించిన చెంబు నాకు ఇప్పటికీ కనబడుతూ ఉంటుంది.

ఈ పని చేయుచున్నంతసేపు మా ఊరివారే అయిన కావలి సోదరులు మనసులో మెదలినారు. కల్నలు మెకంజీ దక్షిణదేశమంతట సేకరించిన సామగ్రి తలచుకొన్న కొద్దీ భయము వేయును: తాళపత్రములు, స్థానిక చరిత్రలు, 8,000కు పైగా శాసన ప్రతులు, 6,000కు పైగా నాణెములు, పటములు, విగ్రహములు. దానిని కూర్చి పెట్టినవారిలో ముఖ్యులు ఏలూరు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్యలు. బొర్రయ్య 1803లో పిన్నవయసుననే పోగా తమ్ముడు ఆ బరువు ఎత్తుకొన్నాడు. మరొక సోదరుడు రామస్వామి దక్కను కవులను గూర్చి ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకము 1829లో కలకత్తాలో అచ్చయినది. మెకంజీ 1821లో మరణించినాడు. విల్సను కూర్చిన పట్టిక రెండు సంపుటములుగా 1828లో వెలువడినది. ఆ కైఫీయతులు నేటికీ ఉపయోగపడుటకు ఒక చిన్న కారణమున్నది. ఏది ఏ గ్రామముదో తెలియునట్లు వ్రాసి ఉంచినారు. ఊరి పేరు లేని కాగితము ఎంత పాతదైనను చిత్తుకాగితమే గదా! పట్టిక కట్టిన పేరు పుస్తకముల మీద కనబడును; ఎండలో ఊరూరు తిరిగి కరణముల అరుగుల మీద కూర్చున్న పేర్లు పాఠ్యపుస్తకములలో కనబడవు. ఏలూరు పిల్లలకైనా తెలియజెప్పవలసినది.

తక్కిన సర్దుడు గూర్చి చెప్పుటకు ఎక్కువ లేదు. తుప్పుపట్టిన ఇనుమును కిరసనాయిలుతో తుడిచి పనికివచ్చే దానిని మేకులకు తగిలించినాము. ఎండిన పురుగుమందు సీసాలను, చచ్చిన బ్యాటరీలను పిల్లలకు అందకుండ ముందే వేరు చేసినాము. బరువైనవి క్రింద, ఇటుకల మీద. గోడకు రెండంగుళముల ఎడము, చెదలు దారి తీసిన వెంటనే కంటబడుటకు. కాగితములు మాత్రము నడుమెత్తు బల్లపై, వేపాకుతో. తమ్మిలేరు పొంగిన సంగతి ఏలూరువారికి వేరే చెప్పనక్కరలేదు. తలుపు లోపలివైపున ఏది ఎక్కడున్నదో వ్రాసిన కాగితము అంటించినాను. బావగారు దానిని చదివి రెండు అక్షరదోషములు పట్టినారు.

ట్రంకుపెట్టెలలో రెండు లెక్కల పుస్తకములు దొరికినవి. పల్లెకు కబురు పంపితే ఆ పెద్దాయన లేరట; కుమారుడు వచ్చినాడు. ఇద్దరమూ అరుగు మీద కూర్చుండి పుట పుటయూ తిరగవేసినాము. అర ఎకరము మాట ఎక్కడా లేదు. రెండవ పుస్తకములో 1961 నాటి ధాన్యపు లెక్కలో ఒకచోట ఆయన తాతగారి పేరు, ఇరువది కుంచములు, ప్రక్కన వేలిముద్ర. అతడు ఆ ముద్రపై తన బొటనవ్రేలు ఆనించి చూచి, చేతిఫోనుతో ఫొటో తీసుకొని, "ఇది చాలండి" అని లేచినాడు.

కారు ఇప్పుడు పాకలో ఉంటున్నది. గడ తీయుటకు అమ్మ ఒప్పుకొనలేదు గనుక దాని ముక్కు జానెడు బయటనే ఉన్నది.