నాలుగడుగుల పది అంగుళాలు

2016 నాటి పార్లమెంటు శీతాకాల సమావేశాలు పెద్దనోట్ల రద్దుపై రేగిన రభసలో కొట్టుకొనిపోయిన సంగతి పాఠకులు మరచి ఉండరు. ఉభయ సభలూ ఉదయం కూడడం, నినాదాల మధ్య వాయిదా పడడం నిత్యకృత్యమైన ఆ రోజులలో ఒకే ఒక బిల్లు పార్టీ భేదాలను పక్కకు నెట్టగలిగింది. డిసెంబరు 14న రాజ్యసభ, 16న లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లు వికలాంగుల హక్కులకు సంబంధించినది. 1995 నాటి పాత చట్టం 7 రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. కొత్తగా చేరిన వాటిలో మరుగుజ్జుతనం ఒకటి. వైద్యపరమైన లేక వంశాణుపరమైన కారణం చేత యుక్తవయస్సు వచ్చిన తరువాత కూడా ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలకు, అనగా 147 సెంటీమీటర్లకు మించనివారు చట్టం దృష్టిలో మరుగుజ్జులు.

అంతకు పూర్వం చట్టం వీరిని పేరుపెట్టి చెప్పలేదు. 2017 ఏప్రిల్ 19న చట్టం అమలులోకి వచ్చిన తరువాత ప్రభుత్వోద్యోగాలలో వికలాంగులకు ప్రత్యేకించిన 4 శాతంలో, అంగవైకల్యం గలవారితో, ఆమ్లదాడి బాధితులతో, మరికొందరితో కలిసి వీరు పంచుకోవలసిన వాటా 1 శాతం. నలుగురిలో వికలాంగుని బుద్ధిపూర్వకంగా అవమానించిన వానికి 6 నెలలకు తగ్గకుండా 5 సంవత్సరాల వరకు కారాగార శిక్ష విధించవచ్చునని 92వ సెక్షను చెబుతున్నది. ఇవన్నీ హర్షించదగిన విషయాలే.

అయితే ఈ చట్టానికి మూలమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను పక్కన పెట్టుకొని చదివినవారికి ఒక వెలితి కనిపించక మానదు. 2006లో రూపొంది, 2007లో మన దేశం ఆమోదించిన ఆ ఒడంబడికలోని 23వ అధికరణం వికలాంగులకు స్వేచ్ఛగా వివాహమాడే హక్కును, కుటుంబాన్ని ఏర్పరచుకొనే హక్కును విస్పష్టంగా ప్రకటించింది. మన చట్టంలో సంతానానికి సంబంధించిన 10వ సెక్షను ఉన్నది కాని, వివాహ హక్కును పేరుపెట్టి చెప్పిన సెక్షను లేదు. పెండ్లికి చట్టం అడ్డురావడం లేదు గదా, వేరే సెక్షను ఎందుకని కొందరు అడుగవచ్చును. అడ్డు వచ్చేది చట్టం కాదు, మనమే. మరుగుజ్జులకు ఉద్యోగం ఇవ్వడానికి ఒప్పుకొన్న సమాజం, వారిని ఒకరు కోరుకోవచ్చునన్న మాటను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఇది నేటి సంగతి కాదు. ఏడవ శతాబ్దిలో శ్రీహర్షుడు రచించిన ‘రత్నావళి’ నాటికలో కోతి ఒకటి కట్టు తెంచుకొని అంతఃపురంలో ప్రవేశించగా, అక్కడి వామనుడు భయపడి కంచుకి ధరించిన నిలువుటంగీలో దాగుకొనే ఘట్టం ఒకటున్నది. ప్రేక్షకులు నవ్వుకోవడానికే కవి దానిని కల్పించాడు. కాని ఆ వామనుడు రాణివాసంలో ఎందుకున్నాడు? నపుంసకులు, గూనివారు, మరుగుజ్జులు అంతఃపుర పరిచారకులుగా ఉండడం సంస్కృత నాటకాలు చదివినవారికి కొత్త కాదు. ఇతరులకు ప్రవేశం లేని చోట వీరిని స్వేచ్ఛగా తిరగనివ్వడంలోని తర్కం ఊహించడం కష్టం కాదు. వీరిని ఏ స్త్రీ కోరదు, వీరివల్ల రాజుకు ప్రమాదం లేదు! వామనావతారానికి మ్రొక్కి, బలిచక్రవర్తి శిరస్సుపై మోపిన ఆ చిన్ని పాదాన్ని వేనోళ్ళ కీర్తించిన జాతే, మనుషులలోని వామనునికి మాత్రం విదూషకుని పాత్రతో సరిపెట్టింది.

కాలం మారి, అంతఃపురం స్థానంలో సర్కసు డేరా వచ్చింది. 1989లో మన తెలుగువారైన సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన తమిళ చిత్రం తెలుగులో ‘విచిత్ర సోదరులు’ పేరుతో విడుదలైంది. అందులో కమలహాసన్ ధరించిన అప్పు అనే సర్కసు కళాకారుని పాత్రను ఆనాటి ప్రేక్షకులు నేటికీ తలచుకొంటారు. సర్కసు యజమాని కుమార్తె తనను ప్రేమిస్తున్నదని అప్పు భ్రమపడతాడు. తీరా చూస్తే, ఆమె వేరొకరితో చేసుకొనే రిజిస్టరు పెండ్లికి సాక్షి సంతకం పెట్టమని అతనిని పిలిచిందని తెలుస్తుంది. హాలులో కంటతడి పెట్టనివారు అరుదు. ఆ జాలి నిజమైనదే. కాని ఆమె అతనిని ప్రేమించి ఉంటే ఎంత బాగుండును అనుకొన్నవారు మనలో ఎందరు? అతడు ఆశపడడమే పొరపాటనీ, ఆ దుఃఖం అతనికి రాసిపెట్టి ఉన్నదేననీ మన మనస్సు ముందుగానే తీర్మానించుకోలేదా?

నాకు పరిచయమున్న ఒక తెలుగు యువకుడు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ గుమాస్తా. ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. కొన్నేళ్ళ క్రితం అతడు తన కార్యాలయంలోనే పనిచేసే, మూడున్నర అడుగులకు మించని సహోద్యోగినిని వివాహమాడాడు. పెండ్లికి వచ్చిన మేనమామ అందరి ఎదుట అడిగిన మాట, “నీకేం తక్కువైందిరా?” అని. కార్యాలయంలో మూడు రకాల వ్యాఖ్యానాలు బయలుదేరాయి. పిల్ల తరఫున ఆస్తి ఉన్నదని కొందరన్నారు. ఆదర్శం కోసం త్యాగం చేశాడని కొందరన్నారు. అతని బుద్ధిలోనే ఏదో వికారం ఉన్నదని మరికొందరు గుసగుసలాడారు. అతనికి ఆమె నచ్చిందన్న నాలుగవ కారణం ఎవరికీ తట్టలేదు.

ఒకనాడు వారింట కాఫీ త్రాగుతుండగా ఆ అమ్మాయి నాతో అన్నది: “మా ఆయనను అందరూ త్యాగమూర్తి అంటారు, బాబాయిగారూ. అది విన్నప్పుడల్లా నన్ను తిట్టినట్లే ఉంటుంది. భరించలేనిదాన్ని భరించడాన్ని గదా త్యాగమంటారు!” కొంచెం ఆగి, మరొక సంగతి చెప్పింది. అంతకు ముందు వేరొకడు ఆమె వెంటపడి ఉత్తరాలు వ్రాశాడట. అన్నిటిలోనూ ఆమె చేతులెంత చిన్నవో, నడక ఎంత ముద్దుగా ఉంటుందో అన్న వర్ణనే గాని, ఆమె ఏమి చదివిందో, ఏమి అనుకొంటున్నదో ఒక్క వాక్యమైనా లేదట. “ఆయనకు కావలసింది నేను కాదండీ, నా కొలత. నా అంతే ఉన్న ఇంకొక పిల్ల కనబడితే అవే ఉత్తరాలు పేరు మార్చి ఆమెకు పంపుతాడు. మా ఆయన నాతో మొదట పోట్లాడింది ఆఫీసు ఫైలు గురించి!”

ఈ విషయమై నేను చదివిన దానికంటె ఆమె మాటలలోనే ఎక్కువ వివేకం ఉన్నదనిపించింది. పొట్టివారి పట్ల ఒకరికి ఆకర్షణ కలగడం దానంతటదిగా వింతా కాదు, వికారమూ కాదు. పెండ్లి ప్రకటనల పుటలో పొడగరి, పచ్చని ఛాయ గల వధువు కావలెనని నిస్సంకోచంగా అచ్చు వేయించుకొనే మనం, పొడుగును ఇష్టపడేవానిని ఎన్నడూ సంజాయిషీ అడుగలేదు. పొట్టిని ఇష్టపడేవానిని మాత్రం వైద్యుని వద్దకు పొమ్మంటాము. ఎవరి కన్ను ఎక్కడ నిలుస్తుందో శాసించే అధికారం మేనమామలకు లేదు. కాని కన్ను నిలిచిన చోటనే మనస్సు కూడ ఆగిపోయి, మనిషికి బదులు కొలతనే చూస్తూ కూర్చుంటే అది ప్రేమ అనిపించుకోదు. సర్కసు డేరాలో టిక్కెట్టు కొని చూసినవాని చూపుకు, దానికి భేదం లేదు. మరుగుజ్జులు తమ వెంటబడే ఆరాధకులను అనుమానించడంలో ఆశ్చర్యం లేదు. ఆ చూపు వారికి తరతరాలుగా పరిచితమే.

1863 ఫిబ్రవరి 10న న్యూయార్కులో జరిగిన ఒక వివాహం ఇందుకు నిదర్శనం. ‘టామ్ థంబ్’ అనే పేరుతో ప్రదర్శనలిచ్చే చార్లెస్ స్ట్రాటన్, తనవలెనే మరుగుజ్జు అయిన లవీనియా వారెన్‌ను చర్చిలో పెండ్లాడాడు. ప్రదర్శనల వ్యాపారి బార్నమ్ ఆ వివాహ విందుకు టిక్కెట్లు పెట్టి అమ్మాడు. అధ్యక్షుడు లింకన్ ఆ దంపతులను శ్వేతసౌధానికి ఆహ్వానించాడు. ఇద్దరూ ఒకే ఎత్తువారు గనుక లోకం మురిసిపోయింది, బొమ్మల పెండ్లిని చూసినట్లు చూసింది. మన పెద్దలు సైతం ఇటువంటివారికి ఈడూ జోడూ అని అదే ఎత్తువారిని వెదికిపెట్టి బాధ్యత తీరిందనుకొంటారు. జోడు కుదిరేది ఎత్తులోనే అయినట్లు!

ఎత్తు వేరైతే ఆనాటి లోకం కూడ నవ్వింది. బాల్యంలో వెన్నెముకకు సోకిన క్షయ వల్ల 4 అడుగుల 6 అంగుళాల వద్ద ఎదుగుదల ఆగిపోయిన ఆంగ్లకవి అలెగ్జాండర్ పోప్, లేడీ మేరీ మాంటేగ్యూకు తన ప్రేమను వెల్లడించగా ఆమె పకపక నవ్విందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆ మైత్రి తరువాత బద్ధవైరంగా పరిణమించిన మాట మాత్రం సాహిత్య చరిత్రకు ఎక్కింది. ప్రేమను కాదనే హక్కు ఎవరికైనా ఉన్నది. కాని ఇటువంటివాడు ప్రేమించడమే హాస్యమనుకొనే నవ్వు వేరు.

పిల్లలు కూడ అలాగే పుడతారన్న భయం పెండ్లి మాటలలో తప్పక వినబడుతుంది. ఇందులో ఎంత సత్యమున్నదో తెలుసుకోవడం మంచిది. మరుగుజ్జుతనానికి కారణాలు అనేకం. వాటిలో తరచుగా కనిపించే ఎకాండ్రోప్లేసియాకు మూలమైన వంశాణువును 1994లో కనుగొన్నారు. ఈ స్థితితో పుట్టే శిశువులలో నూటికి 80 మందికి పైగా తల్లిదండ్రులు మామూలు ఎత్తువారే. అనగా ఇది ఏ ఇంటనైనా, ఏ పాపమూ ఎరుగని దంపతులకైనా కలుగవచ్చును. దంపతులలో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరికీ ఉన్నపుడు నాలుగింట ఒక బిడ్డ బ్రతకని ప్రమాదం ఉన్నది గనుక వైద్యుని సలహా అవసరం. ఒకే ఎత్తువారిని జతచేయడమే క్షేమమనుకొనే పెద్దలు ఈ లెక్కను గమనించాలి. ఇక బుద్ధిబలానికి, ఈ స్థితికి ఏ సంబంధమూ లేదు.

ఆ మాటకు సాక్ష్యం వెదకనక్కరలేదు. డెహ్రాడూన్‌లో పుట్టి, ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కళాశాలలో చదివిన ఆరతి డోగ్రా 2006లో ఐ.ఎ.ఎస్.కు ఎంపికై, రాజస్థాన్‌లో కలెక్టరుగా జిల్లాలను పాలించారు. గుజరాత్‌కు చెందిన మూడడుగుల గణేశ్ బరైయా అత్యవసర రోగులను చూడలేడని 2018లో వైద్యమండలి ప్రవేశం నిరాకరించగా, హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టులో గెలిచి, 2019లో భావనగర్ వైద్య కళాశాలలో చేరి డాక్టరై బయటకు వచ్చారు. అస్సాంలోని తంగ్లాలో, ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయంలో శిక్షణ పొందిన పవిత్ర రాభా మరుగుజ్జు నటులతోనే ‘కిను కౌ’ అనే నాటకాన్ని రూపొందించి రాజధాని రంగస్థలంపై కూడ ప్రదర్శించారు. ‘ఏమి చెప్పను’ అని ఆ పేరుకు అర్థం.

మన కరీంనగర్ ప్రాంతానికి చెందిన గట్టిపల్లి శివపాల్ హైదరాబాదులో కారు నడపడం నేర్చుకొని, 2021లో దేశంలోనే డ్రైవింగ్ లైసెన్సు పొందిన తొలి మరుగుజ్జుగా వార్తలకెక్కారు. అందరూ ఆయన పట్టుదలను మెచ్చుకొన్నారు. కాని కారు నేర్వడానికి కారణమేమని విలేఖరులు అడిగినపుడు ఆయన చెప్పిన దానిని ఎక్కువమంది పట్టించుకోలేదు. అద్దె కార్లవారు నిరాకరించడం ఒక కారణం. భార్యతో కలిసి బయటకు వెళ్ళినపుడు చెవినపడే వెకిలి వ్యాఖ్యలు మరొక కారణం. భార్యాభర్తలు వీధిలో నడవడానికి కారు అద్దాల చాటు కావలసి వచ్చిందంటే, 92వ సెక్షను ఇంకా కాగితం మీదనే ఉన్నదని అర్థం.

2024 జూలైలో నిపుణ్ మల్హోత్రా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, వైకల్యాన్ని అర్థం చేసుకొనడానికి తోడ్పడే హాస్యం వేరు, వికలాంగుని కించపరచే హాస్యం వేరు అని విడదీసి, సినిమాలవారికి మార్గదర్శక సూత్రాలు నిర్దేశించింది. వెండితెరకు పనికివచ్చే ఆ సూత్రం పెండ్లి పందిరికి కూడ పనికివస్తుంది. ప్రభుత్వాలు సరిచేసుకోవలసినది కూడ ఒకటున్నది. తెలుగునాట, తమిళనాట, ఇంకా పలు రాష్ట్రాలలో వికలాంగులను వివాహమాడినవారికి ప్రోత్సాహక ధనమిచ్చే పథకాలు వచ్చాయి. కొత్త కాపురానికి నాలుగు రాళ్ళు అక్కరకు వచ్చే మాట నిజమే. కాని ఇది నష్టపరిహారం కాదన్న సంగతి పథకం మాటలలోనే తెలియాలి. దానిని త్యాగానికి బహుమానంగా గాక, అదనపు ఖర్చులు గల ఒక కుటుంబానికి సాయంగా ఇస్తే గౌరవంగా ఉంటుంది.

కొలబద్దతో 147 సెంటీమీటర్లు కొలిచి ధ్రువపత్రం ఇవ్వడం వరకే వైద్యమండలి పని. ఆ తరువాత పని మన ఇండ్లలో జరగాలి. ఇటువంటి జంట మన వీధిలోనో, మన బంధువర్గంలోనో ఏర్పడినపుడు, అతనికి ఏమి తక్కువైందనో, ఆమెకు ఏమి కలిసివచ్చిందనో ఆరా తీయకుండా, నలుగురు జంటలకూ వేసినట్లే నాలుగు అక్షింతలు వేసి, కడుపునిండా భోజనం చేసి రావడం మనకు చేతకాని పని కాదు.