రెండో పరీక్ష మానకండి

బిడ్డ పుట్టగానే కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ పలకడం మన ఇళ్లలో ఆచారం. ఆ చెవులు వింటున్నాయో లేదో తెలుసుకోవడం కూడా తల్లిదండ్రుల బాధ్యతే.

నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి ఓ.ఎ.ఇ. పరీక్ష చేస్తారు. నొప్పి ఉండదు. ఫలితం సరిగా రానంత మాత్రాన బిడ్డకు చెవుడని కాదు. కాన్పు నాటి తడి, జిగురు చెవిలో మిగిలినా అలాగే వస్తుంది. అందుకే కొన్ని వారాలకు మళ్లీ రమ్మంటారు. అప్పుడూ సందేహం ఉంటే బెరా పరీక్ష చేస్తారు.

చిక్కు ఇక్కడే వస్తుంది. పటాన్‌చెరు, సంగారెడ్డి ఫ్యాక్టరీలలో రోజుకూలికి పనిచేసే తండ్రికి నాగా అంటే కూలి పోయినట్టే. తల్లి కాన్పుకు తల్లిగారింట ఉంటుంది. "చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కదా" అని పెద్దలు ధైర్యం చెబుతారు. కాని పెద్ద చప్పుడు విన్న బిడ్డకు మెల్లని మాట వినపడకపోవచ్చు. వినని మాట నోటికి రాదు.

నెలలోపు తొలి పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్స మొదలు కావాలన్నది వైద్యుల లెక్క. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుచెవుడు కూడా చేరి ఉంది. మళ్లీ రమ్మన్న చీటీని టీకాల కార్డులోనే దాచుకోండి. ఆ తేదీని టీకా తేదీలాగే పాటించండి.