విడతలవారీ గుండె ఆపరేషన్లు: అపోహలు – వాస్తవాలు

పుట్టే ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 8 నుంచి 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చాలామందికి ఒక్క ఆపరేషన్‌తో సరిపోతుంది, కొందరికి అదీ అక్కర్లేదు. రక్తాన్ని తోసే రెండు గదుల్లో ఒకటి ఎదగకుండా పుట్టిన బిడ్డలకు మాత్రం ఆపరేషన్ విడతలుగా చేయాల్సి వస్తుంది. అలాంటి బిడ్డను ఎత్తుకుని మాడుగుల నుంచి చోడవరం మీదుగా విశాఖకు పరుగెత్తే తల్లిదండ్రులను జబ్బు ఎంత భయపెడుతుందో, చుట్టుపక్కల వాళ్ల మాటలూ అంతే భయపెడతాయి.

అపోహ: మొదటి ఆపరేషన్ ఫెయిలైంది, అందుకే రెండోది అంటున్నారు.

వాస్తవం: విడతలన్నీ ముందే అనుకున్నవి. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అన్నీ ఒకేసారి చేయడం కుదరదు. మొదటి వారాల్లో ఒంటికీ ఊపిరితిత్తులకూ రక్తం సరిపడా అందేలా దారి చేస్తారు. ఇది కొందరికి అవసరం పడదు. దాదాపు 4 నుంచి 6 నెలలకు గ్లెన్ ఆపరేషన్ చేసి, ఒంటి పైభాగం నుంచి వచ్చే చెడు రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లిస్తారు. 2 నుంచి 4 ఏళ్లకు ఫాంటన్ ఆపరేషన్‌తో కింది భాగం రక్తాన్నీ అలాగే మళ్లిస్తారు.

అపోహ: ఎన్ని చేయించినా ఇలాంటి బిడ్డలు బతకరు.

వాస్తవం: ఎడమ గది ఎదగని బిడ్డలది వీటిలో బాగా కష్టమైన జబ్బు. ఉత్తర అమెరికాలో 15 ఆసుపత్రులు కలిసి 549 మంది పసికందులపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మొదటి విడతలో ఎంచుకున్న పద్ధతిని బట్టి, గుండె మార్పిడి లేకుండా ఏడాది నిండినవాళ్లు 64 నుంచి 74 శాతం. ప్రమాదం పెద్దదే, ఆశ అంతకన్నా పెద్దది.

అపోహ: ఇంటికి పంపారంటే గండం గడిచినట్టే.

వాస్తవం: మొదటి విడతకూ రెండో విడతకూ మధ్య కాలమే చాలా ప్రమాదకరం. ఆ సమయంలో రక్తంలో ఆక్సిజన్ 75 నుంచి 85 శాతం ఉండటం మామూలే. 75 కంటే తగ్గినా, మూడు రోజుల్లో కనీసం 20 గ్రాముల బరువు పెరగకపోయినా, పాలు తాగకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి, మొదటి విడతలో దారి కోసం అమర్చిన కృత్రిమ గొట్టంలో రక్తం గడ్డకట్టొచ్చు. తెల్లారేదాకా ఆగకండి.

అపోహ: బిడ్డ కాస్త బలం పుంజుకున్నాక తర్వాతి విడత చేయించొచ్చు.

వాస్తవం: డాక్టరు చెప్పకుండా వాయిదా వేస్తే ఉన్న ఒక్క గదిపై భారం పెరుగుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు దెబ్బతింటే మూడో విడతకు దారే మూసుకుపోవచ్చు.

అపోహ: మూడోది అయితే పూర్తిగా నయం.

వాస్తవం: చాలామంది బడికెళ్తారు, ఆడుకుంటారు, పెద్దవాళ్లవుతారు. అయినా ఉన్నది ఒక్క గదే. గుండె లయకూ కాలేయానికీ జీవితాంతం పరీక్షలు తప్పవు. ఆడపిల్లలు గర్భం దాల్చే ముందే గుండె డాక్టరును అడగాలి.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల వైద్యం.

వాస్తవం: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో పసిపిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ 2021లో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించింది. ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ఇరుగుపొరుగువారికి ఒక్క మాట. ఆ తల్లిని “బతుకుతాడా?” అని అడగొద్దు. “బరువు పెరిగాడా? మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? తోడు రానా?” అని అడగండి.