కంటికి కనబడని నాటకం: ఒక వైజ్ఞానిక ధారావాహిక, దాని కొమ్మకథలు

నాటకాన్ని మన లాక్షణికులు దృశ్యకావ్యమన్నారు. రంగస్థలము, తెర, వేషము, అభినయము - ఇవన్నీ కంటికి సంబంధించినవే. అయితే మన కృష్ణా, గోదావరి జిల్లాలలో గడచిన శతాబ్ది ఉత్తరార్ధంలో కంటికి కనబడని నాటకం ఒకటి ఇంటింటా వర్ధిల్లినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రం ప్రారంభమైన తరువాత, పెదపాడు మొదలు కొల్లేటి లంకల వరకు ఎందరో పెద్దలకు నాటకమంటే పంచాయతీ రేడియో ముందు కూర్చుండి వినవలసినదే అయినది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘గణపతి’ నవలను ఆ కేంద్రం నాటకంగా ప్రసారం చేయగా, నండూరి సుబ్బారావు గారి గొంతులో పలికిన గణపతిని మా పెద్దలు ఈనాటికీ తలచుకొని నవ్వుకుంటారు. చిలకమర్తి వారు మన పశ్చిమ గోదావరి ప్రాంతపు ఖండవల్లిలో జన్మించినవారు; చూపు మందగించి, తుదకు అంధులైనవారు. అట్టి రచయిత సృష్టించిన పాత్రకు కన్నుతో పనిలేని మాధ్యమంలో రెండవ జన్మ లభించడం విశేషమే.

ఇదే కాలంలో రేడియోలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అను కార్యక్రమం వచ్చేది. చలనచిత్రపు సంభాషణలను, పాటలను కుదించి, నడుమ నడుమ వ్యాఖ్యాత కథను అందిస్తూ గంటసేపు వినిపించేవారు. 1977లో విడుదలైన ‘దానవీరశూర కర్ణ’ సంభాషణల రికార్డులైతే పెళ్ళిపందిళ్ళలోను, టీ దుకాణాలలోను మైకు పగిలేటట్లు మ్రోగినవి. సినిమా చూడని వారికి సైతం కొండవీటి వెంకటకవి గారి సంభాషణలు కంఠస్థమయ్యేవి. దృశ్యం కొరకు పుట్టిన కథ దృశ్యాన్ని వదలి శబ్దంగా మాత్రమే బ్రతకగలదని మన జనం ఏ సిద్ధాంత గ్రంథమూ చదువకుండానే గ్రహించినారు.

ఈ అనుభవం గల మనకు, ఇంగ్లండు దేశంలో ఒక వైజ్ఞానిక కల్పనా ధారావాహికకు పట్టిన అదృష్టం సులభంగా బోధపడుతుంది. దాని పేరు ‘డాక్టర్ హూ’. బి.బి.సి. టెలివిజన్ దీనిని 1963 నవంబరు 23వ తేదీన ప్రారంభించినది. కథానాయకుడు డాక్టర్ అని మాత్రమే పిలువబడే ఒక లోకాంతరవాసి. అతని వాహనం పేరు టార్డిస్. బయటికి అది నీలిరంగు పోలీసు పెట్టె. లోపల అడుగుపెడితే మహాసౌధము. కాలంలో ముందుకు, వెనుకకు, నక్షత్రాల నడుమకు అది పోగలదు. మా కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు ఇది క్రొత్త ఊహ కాదు. అమీర్ హంజా దాస్తానులో అమర్ అయ్యార్ భుజాన వ్రేలాడే జంబీల్ సంచి ఇటువంటిదే గదా! చూడబోతే చిన్న సంచి, అందులో పట్టని వస్తువు లేదు.

దాస్తాను ప్రస్తావన ఊరకే తెచ్చినది కాదు. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం వారు పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి హంజా కథను నలభైయారు సంపుటాలుగా అచ్చువేసినారు. అందులో ‘తిలిస్మే హోష్‌రుబా’ మూలకథ నుండి చీలి, తానే ఒక మహావృక్షమై పెరిగిన కొమ్మ. అచ్చుకు పూర్వం అదంతా దాస్తాన్‌గో నోట విని ఆనందించినదే. 1928లో మీర్ బాకర్ అలీ మరణంతో ఆ విద్య అంతరించినదనుకున్నారు; 2005 నుండి దానిని మరల వేదిక ఎక్కించినవారు లేకపోలేదు. తెలుగువారి భారతం సంగతి చెప్పనక్కరలేదు. వ్యాసునిలో లేని శశిరేఖా పరిణయం మనకు ‘మాయాబజార్’ అయినది. పెద్ద కథ చాలకాలం నడిస్తే కొమ్మకథలు పుట్టక మానవు. మూలంలో ఒక్క వాక్యంలో వచ్చి పోయిన పాత్రకు కొమ్మకథలో పీట వేస్తారు.

‘డాక్టర్ హూ’ ఇరువది ఆరేండ్లు నడిచి 1989లో ఆగిపోయినది. ఇంత దీర్ఘకాలం నడవడానికి ఒక ఉపాయం తోడ్పడినది. డాక్టర్‌కు మరణం ఆసన్నమైనపుడు అతని దేహం మారిపోతుంది. మనిషి అతడే, ముఖం వేరు. మన విక్రమార్కుని పరకాయ ప్రవేశానికి కొంత దగ్గర, కాని ఇక్కడ పరుని కాయం అక్కరలేదు. 1966లో మొదటి నటుడు విరమించినపుడు కల్పించిన ఈ ఏర్పాటు వలన నటులు మారినా కథ నిలిచినది. 1996లో పాల్ మెక్‌గాన్ అను నటునితో ఒక టెలివిజన్ చిత్రం తీసినారు. దాని తరువాత ధారావాహిక రాలేదు. ఒక్క రాత్రి డాక్టర్‌గా కనిపించి ఆయన తెరమరుగైనారు.

అప్పుడు చెవి ఆదుకొన్నది. బిగ్ ఫినిష్ అను చిన్న సంస్థ 1999 జూలైలో ‘ది సైరెన్స్ ఆఫ్ టైమ్’ అను శ్రవ్యనాటకాన్ని ధ్వనిముద్రికగా విడుదల చేసినది. మునుపు డాక్టర్ పాత్ర ధరించిన పీటర్ డేవిసన్, కోలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్ ముగ్గురూ అందులో పాల్గొన్నారు. ముఖం ముడతలు పడుతుంది, నడుము వంగుతుంది. కంఠం మాత్రం చాలకాలం మోసం చేయదు. తెరమీద ఇక ఆ పాత్రకు పనికిరారనదగిన వయస్సులో ఉన్న నటులు మైకు ముందు నిలబడగానే పూర్వపు డాక్టర్లైపోయినారు. వీరిలో కోలిన్ బేకర్ 1986లో ఆ పాత్ర నుండి తొలగింపబడినవారు. తెరమీద ఆయనకు దక్కని ఓర్పు, ఆర్ద్రత గల కథలు శ్రవ్యంలో దక్కినవి. ఆ కథలలో ఆయన వెంట తిరిగే ఎవెలిన్ స్మైత్ ఏబదియైదేండ్ల చరిత్ర అధ్యాపకురాలు! తెరమీద ఆ స్థానం సాధారణంగా పడుచుపిల్లలది. వినే నాటకంలో ఆ నిబంధన లేదు గాన, పాఠం చెప్పే గొంతుతో డాక్టర్‌నే మందలించగల పెద్దామెకు చోటు లభించినది. అధ్యాపక వర్గానికి చెందిన మాకు ఈమెపై కొంత పక్షపాతం ఉన్నదని ఒప్పుకొనవలసినదే.

తొలిసారి వినదలచిన విద్యార్థులకు మేము సూచించేది 2001లో వచ్చిన ‘స్టార్మ్ వార్నింగ్’. ఇది మెక్‌గాన్ మొదటి శ్రవ్యనాటకం. కథ జరిగే చోటు మనకు పరాయిది కాదు. 1930 అక్టోబరు 4వ తేదీ సాయంకాలం ఆర్-101 అను మహా వాయునౌక ఇంగ్లండు నుండి అవిభక్త భారతదేశంలోని కరాచీకి బయలుదేరినది. మరునాటి వేకువకు ముందే ఫ్రాన్సులోని బోవే పట్టణం దాపున కూలి మండిపోగా, అందున్న ఏబదినలుగురిలో నలభైయెనిమిది మంది మరణించినారు. ఇంతవరకు చరిత్ర. నాటకంలో షార్లీ పొలార్డ్ అను సాహసవంతురాలైన బాలిక మగపిల్లవాని వేషంలో ఆ నౌకలో దాగి ఉంటుంది. (ఆ పాత్రకు గొంతు ఇచ్చిన నటి పేరు ఇండియా ఫిషర్ కావడం కాకతాళీయం.) అందరితోపాటు మరణించవలసిన ఆమెను డాక్టర్ కాపాడుతాడు. కాపాడరాని ప్రాణాన్ని కాపాడినందున కాలప్రవాహానికే గాయమవుతుంది. ఆ గాయం తరువాతి కథలలో పెరుగుతూ పోతుంది. ఆ బాలిక బ్రతికి ఉండడమే ఒక దోషమైతే, ఆమె ఏమి చేయాలి? ఆమెను ప్రేమించేవారు ఏమి చేయాలి? ఈ ప్రశ్న వాయునౌక కన్న బరువైనది. దీనిని తెరపై చూపడానికి కావలసినంత ధనం ఆ సంస్థకు లేదు. ఇంజన్ల హోరు, గాలివాన, లోహం మూలిగే చప్పుడు చాలినవి.

2002 నాటి ‘స్పేర్ పార్ట్స్’ ఇంకను ఉత్తమమని మా అభిప్రాయం. రచయిత మార్క్ ప్లాట్. సూర్యునికి దూరమై గడ్డకట్టిన ఒక గ్రహంలో జనం భూగర్భంలో కాపురముండి, బ్రతకడం కొరకు అవయవం తరువాత అవయవంగా యంత్రాలైపోతారు. వారే ధారావాహికలోని సైబర్‌మెన్ అను శత్రుజాతి. సగం యంత్రమైన కూతురు ఇంటికి తిరిగివచ్చి తండ్రి ఎదుట నిలుచున్న ఘట్టంలో మనకు కనబడేది ఏమీ లేదు. ఆమె ముఖం ఎట్లున్నదో ఆ తండ్రి గొంతును బట్టి మనమే చూచుకొనవలెను. తెరపై చూపితే అది ఒక లోహపు తొడుగు మాత్రమే అయ్యేది.

శబ్దం ఈ పని ఎట్లు చేయగలుగుతుంది? టార్డిస్ కదలినపుడు వినవచ్చే చప్పుడును 1963లో బ్రయాన్ హాడ్జ్‌సన్ అను శబ్దశిల్పి తయారుచేసినారు. పాత పియానో తీగెపై తన తల్లి ఇంటి తాళపుచెవితో గీసి, ఆ ధ్వనిని టేపుపై నెమ్మదింపజేసి, ప్రతిధ్వనులు చేర్చినారు. తాళపుచెవి సంగతి తెలిసిన తరువాత విన్నా ఆ చప్పుడులో ఆకాశం చీలుతూనే ఉంటుంది. డాలెక్ అను దుష్టజాతి గొంతు సైతం మామూలు మనిషి గొంతే. రింగ్ మాడ్యులేటర్ అను పరికరం ద్వారా పోయి గరగరలాడుతుంది. ఒక శబ్దం ఒకసారి మనస్సులో బొమ్మను నాటితే చాలు, మరల ఆ శబ్దం రాగానే బొమ్మ తానే లేస్తుంది. దీర్ఘకాలపు ధారావాహికకు గల మేలు ఇదే. శ్రోత దగ్గర బొమ్మలు ముందే నిలువ ఉంటాయి.

అన్నీ బంగారమే అని మేము చెప్పము. శ్రవ్యనాటకానికి ఒక జబ్బు ఉన్నది. ‘అదుగో, ఆ పెద్ద తలుపు తెరుచుకొని ఆకుపచ్చని మృగం వస్తున్నది’ అని పాత్ర చేత చెప్పించేవాడు రచయిత కాడు, వ్యాఖ్యాత. మృగం వచ్చినపుడు ఎవరూ దాని రంగును వర్ణించరు, పరుగెత్తుతారు. మన రేడియో నాటకాలలోను ఈ జబ్బు లేకపోలేదు. మరియు కొమ్మకు కొమ్మ పుట్టి, డాలెక్‌లకు ఒక వరుస, డాక్టర్ పుట్టిన లోకానికి ఒక వరుస, ఏనాడో 1977లో ఒక్క కథలో కనబడిన జాగో, లైట్‌ఫుట్ అను ఇద్దరు మిత్రులకు 2010 నుండి ఒక వరుస వచ్చినవి. ఈ చివరిది సరసమైనది, తప్పక వినదగినది. కొన్ని మాత్రం పూర్వకథలన్నీ తెలిసినవారికి తప్ప ఇతరులకు పొడుపుకథలే.

కొమ్మ తిరిగి మానుకు బలమిచ్చిన సందర్భం సైతం ఉన్నది. 2003లో రాబర్ట్ షియర్‌మన్ ‘జూబిలీ’ అను శ్రవ్యనాటకం వ్రాసినారు. లండను కోటలో సంకెళ్ళలో ఉన్న ఒంటరి డాలెక్ కథ. 2005లో టెలివిజన్ ధారావాహిక పునరుద్ధరింపబడినపుడు, అదే ఊహను ఆధారం చేసుకొని ‘డాలెక్’ అను భాగాన్ని ఆయన చేతనే వ్రాయించినారు. 2013లో మెక్‌గాన్ ఒక చిన్న చిత్రంలో మరల తెరపైకి వచ్చి, మరణించబోతూ తన సహచరులను పేరుపేరున తలచుకొంటారు. ఆ పేర్లన్నీ శ్రవ్యనాటకాలలోనివే. షార్లీ పేరు వాటిలో మొదటిది.

ఇంతకన్న విలువైన సంగతి మరొకటి. 1967 మొదలు సుమారు పదేండ్లపాటు బి.బి.సి. వారు పాత టేపులను చెరిపి తిరిగి వాడుకొన్నారు. ఆ విధంగా 1960లలోని ‘డాక్టర్ హూ’ భాగాలు తొంభైకి పైగా నేటికీ దృశ్యరూపంలో లేవు. కాని వాటిలో ప్రతి ఒక్కదాని శబ్దం నిలిచి ఉన్నది. ఆ రోజులలో కొందరు బాలురు, యువకులు ఇంటిలో టెలివిజన్ ముందు టేప్‌రికార్డరు పెట్టి తమ సంతోషం కొరకు రికార్డు చేసుకొన్నారు. వారు ఏ గ్రంథాలయానికీ ఉద్యోగులు కారు. మరల వినాలని వారికి ఆశ, అంతే. సంస్థ చెరిపివేసినది శ్రోత పెట్టెలో మిగిలినది. తరువాత బి.బి.సి. వారే ఆ టేపులకు వ్యాఖ్యానం జోడించి శ్రవ్యకథలుగా విడుదల చేసినారు.

మన పెదపాడు, ఏలూరు, తాడేపల్లిగూడెం ఇండ్లలో 1980లలో టేప్‌రికార్డరు లేని వీధి అరుదు. రేడియో నాటకాలు, ఉషశ్రీ గారి రామాయణ భారత ప్రవచనాలు, షేక్ నాజర్ గారి బుర్రకథలు, ముషాయిరాలు, పెళ్ళిలో చుట్టాల మాటలు - ఎవరికి ప్రియమైనవి వారు పట్టి ఉంచుకొన్నారు. ఆ కాసెట్లు ఇప్పుడు అటకలపైన, ఇనుప పెట్టెలలోను ఉన్నవి. కొల్లేటి తేమకు టేపుపై తెల్లని బూజు పడుతుంది. అట్టి టేపును తొందరపడి ఆడిస్తే తెగిపోవడమే గాక యంత్రపు తల సైతం పాడగును. గ్రంథాలయంలోని కంప్యూటరుకు జతపరచడానికి పనిచేసే టేప్‌రికార్డరు ఒక్కటి సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ వారిని ఇందుమూలముగా కోరుతున్నాము. విద్యార్థినీ విద్యార్థులు సెలవులకు ఇండ్లకు పోయినపుడు తాతగారిని, నానమ్మగారిని అడిగి, కాసెట్లను ఎండకు పెట్టక, పొడి గుడ్డలో చుట్టి తేవలెను. ఎవరి గొంతు, ఏ సంవత్సరం, ఎక్కడ పట్టినది అన్న వివరాలు పెద్దలు జ్ఞాపకం ఉన్నంత మేరకు చెప్పగా ఒక కాగితంపై వ్రాసి జతపరచవలెను. బయలుదేరుటకు ముందు కాసెట్టు వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులను విరిచివేయుడు. అప్పుడు దానిపై పొరపాటున మరొకటి రికార్డు కాదు.