సంతకం పెట్టే చేతికే వాటా ఉంటే

“వేల కోట్లున్న మనిషి, ఆయనకు సర్కారు సొమ్మెందుకు?” ఎన్నికలప్పుడు తరచూ వినే మాట ఇది. సంపన్నుడు లంచం ఆశించకపోవచ్చు. కానీ ఫైలు మీద సంతకం చేసే మనిషికే దానివల్ల లాభపడే కంపెనీలో వాటా ఉంటే, లంచం లేకుండానే ప్రయోజనాల వైరుధ్యం మొదలవుతుంది.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు రూ.200 మంజూరు చేసింది. ఇది అప్పటి ముఖ్యమంత్రి జగన్ కుటుంబానికి చెందిన ‘సాక్షి’కి మేలు చేయడానికేనంటూ ‘ఈనాడు’ను ప్రచురించే ఉషోదయా సంస్థ కోర్టుకెక్కింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది.

పోటీ పత్రిక వేసిన కేసు కాబట్టి కొట్టిపారేయవచ్చనుకోవడం కూడా అపోహే. ఉషోదయాకూ వ్యాపార ప్రయోజనం ఉన్నమాట నిజం. అయినా ఖజానా డబ్బు తన ఇంటి పత్రికకు చేరే అవకాశమున్న నిర్ణయం ముఖ్యమంత్రి ప్రభుత్వమే తీసుకోవచ్చా అన్న ప్రశ్న ఎవరు అడిగినా న్యాయమైనదే.

డైరెక్టరు పదవి వదిలేస్తే చాలని చాలామంది నమ్ముతారు. మంత్రుల ప్రవర్తనా నియమావళి కోరేదీ దాదాపు అంతే: వ్యాపార నిర్వహణకు దూరం కావాలి, చాలా వ్యాపారాల్లో యాజమాన్యం మాత్రం ఉంచుకోవచ్చు. రాష్ట్ర మంత్రి తన వ్యాపారాల వివరాలు ముఖ్యమంత్రికి ఇస్తే సరిపోతుంది. పైగా ఇది చట్టం కాదు. ఇప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు 1992లో స్థాపించిన పాల కంపెనీ హెరిటేజ్‌ను ఇప్పుడు ఆయన కుటుంబం నడుపుతోంది. ఆయన మంత్రివర్గం పాడి విధానంపై తీసుకునే ఏ నిర్ణయమైనా ఊళ్లో పాలు పోసే రైతుకూ, ఆ పాలు కొనే కంపెనీలకూ ఒకేసారి తగులుతుంది. తప్పు జరిగిందని దీనర్థం కాదు. జరగలేదని రైతు తెలుసుకునే దారి ఉండాలి.

శాఖ వేరైతే చిక్కు లేదన్నదీ పూర్తిగా నిజం కాదు. నారాయణ విద్యాసంస్థల వ్యవస్థాపకుడు పి.నారాయణ రాష్ట్ర మంత్రిగా చూసేది పురపాలక శాఖ. పట్టణాల్లో కళాశాల భవనాలకు అనుమతులు, ఆస్తిపన్ను పురపాలికల చేతిలోనివే.

అలాగని ప్రతి కోటీశ్వరుణ్నీ అనుమానించడమూ అన్యాయమే. 2024లో రూ.5,700 కోట్లకు పైగా ఆస్తులు ప్రకటించిన పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్రంలో గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల సహాయమంత్రి. ఆయన సంస్థ యూవరల్డ్ వ్యాపారం పరీక్షల శిక్షణ. చూడాల్సింది ఆస్తి ఎంతని కాదు, శాఖకూ వ్యాపారానికీ ఎక్కడ ముడి పడుతోందని.

డైరెక్టరు పదవులు, నియంత్రణ వాటాలు నమోదు చేసే రిజిస్టరు రాజ్యసభ సభ్యులకు ఉంది. రాష్ట్ర మంత్రులకూ అలాంటిది పెట్టి, ఎవరైనా చూసేలా తెరిచి ఉంచాలి.