బావంచాలూ, నెత్తురూ, కంటికి కనబడని వెలుగూ

ఇలా వచ్చి కూచో బుజ్జీ. ఒంట్లోంచి నెత్తురు బయటికి తీసి, వెలుగు చూపించి, మళ్ళీ ఒంట్లోకే ఎక్కించే వైద్యం ఒకటుందంటే నమ్ముతావా? నాటు వైద్యం కాదే తల్లీ, పెద్దాసుపత్రుల్లో చేసేదే. పేరు ఫోటోఫెరిసిస్. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం డాక్టరు రిచర్డ్ ఎడెల్సన్ బృందం 1987లో దీని ఫలితాలు ప్రకటించింది. చర్మంలోకి చేరి పాడుచేసే ఒక రకం టీ కణాల కాన్సర్‌కి వాడి చూశారు.

ఎండలో నిలబడితే చాలదా తాతయ్యా అంటావు. చాలదు. అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బీ చాలామటుకు చర్మం పైపొరలోనే ఆగిపోతుంది. యూవీ-ఏ ఇంకాస్త లోతుకి దిగుతుంది గానీ, ఒళ్ళంతా పారే నెత్తురుకి ఎక్కడ అందుతుందీ? అందుకే నెత్తుర్నే బయటికి తీస్తారు. ఎర్రకణాలు వెలుగుని మింగేస్తాయి కనక, వాటిని చాలావరకు వేరుచేసి ముందే వెనక్కి పంపేస్తారు. మిగిలిన తెల్లకణాల్లో సోరలెన్ జాతి మందొకటి కలుపుతారు.

సోరలెన్ ఎక్కడిదనుకున్నావు? మన బావంచాల్లో ఉన్నదే! బొల్లి మచ్చలకి బావంచాలు నూరి రాసి ఎండ చూపించడం మన ఆయుర్వేదంలో ఏనాటినుంచో ఉంది. అలాగని నువ్వు రాసుకోకు, బొబ్బలెక్కుతాయి.

ఆ మందు కణంలోకి దూరి డీఎన్ఏ పోగుల మధ్య ఊరికే కూచుంటుంది. యూవీ-ఏ తగిలిందా, రెండు పోగుల్నీ కలిపి కుట్టేస్తుంది. ఇరుక్కుపోయిన జిప్పులాగా అది ఇక విడిపోదు. తెల్లకణాల్లో లింఫోసైట్లనే రకం ఉంది, టీ కణాలు ఆ జాతివే. అవి దీనికి తట్టుకోలేవు. ఒంట్లోకి తిరిగొచ్చాక ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే చచ్చిపోతాయి.

అసలు తమాషా ఇక్కడుంది. ఒక్కసారికి ఆ వెలుగు పడేది ఒంట్లోని లింఫోసైట్లలో కొద్దిపాటి వాటికే. మరి మిగతావి ఎందుకు దారికొస్తాయి? చచ్చిన కణాల్ని వేరే రక్షక కణాలు మింగుతాయి. గోలలేని చావు కనక, మింగినవి కయ్యానికి కాలు దువ్వవు సరికదా, "శాంతించండి" అన్న కబురు మోసుకెళ్తాయి. నియంత్రించే టీ కణాలు పెరుగుతాయి. అందుకే పరాయి మూలుగ ఎక్కించుకున్నవాళ్ళ ఒంటిమీద దాత కణాలే దాడికి దిగినప్పుడు కూడా ఈ వైద్యం చేస్తారు.

మరి కాన్సర్ దగ్గర శాంతం పనికిరాదు కదా, అక్కడ దాడి పెరగాలి! ఒకే వెలుగు రెండు పనులెలా చేస్తుందో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే ఆ వాదనే అన్నిటికంటే రుచిగా ఉంటుంది.

చేయించుకున్నవాళ్ళు మాత్రం 24 గంటలు ఎండకి దూరంగా ఉండాలి, యూవీ ఆపే కళ్ళద్దాలు పెట్టుకోవాలి. మిగిలిన మందు ఎండ తగిలితే చర్మంలోనూ కంటిలోనూ అదే కుట్టుపని మొదలెడుతుంది మరి.